గొర్రెల ప్రవర్తన మీద పరిశోధన: ఫీల్డ్ ఖర్చులకు, కాన్ఫరెన్స్‌కు పోవడానికి సాయం ఎక్కడ దొరుకుతుంది?

ఉదయగిరి అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా, ఉదయగిరి వైపు పల్లె. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నాను. ఫెలోషిప్ లేదు. నెల్లూరు జాతి గొర్రెల్లో తల్లీపిల్లలు ఒకదాన్నొకటి ఎలా గుర్తుపడతాయన్నది నా అంశం.

మా నాయనకు నూట ఇరవై గొర్రెలున్నాయి. పొద్దున మంద మేతకు పోయేటప్పుడు పాలు తాగే పిల్లల్ని దొడ్లో గంపల కింద కమ్మి పోతారు. సాయంత్రం మంద ఇంకా చెరువు కట్ట మీద ఉండగానే లోపల పిల్లలు అరుపులు మొదలుపెడతాయి. గంప ఎత్తాక ఆ నాలుగైదు నిమిషాలే నా పరిశోధన అంతా. ముప్పై పిల్లలు, ముప్పై తల్లులు, దుమ్ము, ఒకటే గోల. తల్లి దగ్గరికొచ్చి పిల్ల తోక కింద మూతి పెట్టి వాసన చూస్తుంది. తనదైతే కదలకుండా పాలకు నిలబడుతుంది. కాకపోతే తలతో ఒక్క పోటు పొడిచి ముందుకు పోతుంది. రెండు ఈతల కాలాలుగా ఇదంతా ఫోన్‌లో వీడియో తీస్తున్నాను, అరుపులు చిన్న రికార్డర్‌లో పట్టుకుంటున్నాను. పది రోజులు దాటిన పిల్లల తల్లులు చాలావరకు అరుపు విని దూరం నుంచే తిన్నగా వచ్చేస్తున్నాయి. ఈని రెండు మూడు రోజులే అయినవి మాత్రం నాలుగైదు పిల్లల్ని వాసన చూశాక గానీ తమదాన్ని పట్టుకోలేకపోతున్నాయి.

ఈ పని నలుగురికీ చూపించాలని చాలా ఆశగా ఉంది. పోయిన ఏడాది ఒక ‘అంతర్జాతీయ సదస్సు’ అని మెయిల్ వస్తే పదకొండు వేలు కట్టి వెళ్లాను. హోటల్ హాల్లో ఇంజనీరింగ్ వాళ్లు, కామర్స్ వాళ్లు, నేను. ఆరు నిమిషాలు మాట్లాడనిచ్చి సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ రాత్రి బస్సులో ఇంటికొస్తూ ఏడ్చాను. తర్వాత విదేశంలో ఒక మంచి కాన్ఫరెన్స్‌లో పోస్టర్‌కు (పనిని పెద్ద షీటు మీద వేసి, పక్కన నిలబడి వివరించడానికి) ఒప్పుకున్నారు గానీ, ప్రయాణ సాయం దరఖాస్తు మీద పడాల్సిన సంతకం వచ్చేసరికి గడువు దాటిపోయింది.

నాయనతో చెబితే, ‘గొర్రెల యవ్వారం చెప్పేదానికి అంత దూరం పోవాల్నా అమ్మా? పోవాలంటే రెండు పొట్టేళ్లు అమ్ముదాంలే’ అన్నాడు. ఆ పొట్టేళ్లు అమ్మించడం నాకు ఇష్టం లేదు. మంచి మైకు, ప్రయాణం, రిజిస్ట్రేషన్, వీటికి ఎవరైనా సాయం చేస్తారా? ఇంకో మాట. ఇవి పెంపుడు గొర్రెలు, అడవి జంతువులు కావు. ఇది ప్రవర్తన పరిశోధన కిందికి వస్తుందా అని మా డిపార్ట్‌మెంట్‌లోనే అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

కందుకూరు వాసి:

చెల్లెమ్మా, మాది కందుకూరు. ఇప్పుడు బెంగళూరులో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన), కందిరీగల మీద పని. ముందు మీ ఆఖరి ప్రశ్న సంగతి. ఇంటర్నేషనల్ సొసైటీ ఫర్ అప్లైడ్ ఎథాలజీ అని ఒక సంఘం ఉంది, ఎథాలజీ అంటే జంతువుల ప్రవర్తన శాస్త్రం. 1966లో ఎడిన్‌బరాలో పశువైద్యుల చొరవతో పుట్టింది. ఆవులు, కోళ్లు, పందులు, గొర్రెల ప్రవర్తనే వాళ్ల పని, ఏటా కాంగ్రెస్ పెడతారు. 2001లో నేచర్ పత్రికలో కేంబ్రిడ్జ్ దగ్గర బాబ్రహాం ఇన్‌స్టిట్యూట్ వాళ్ల పేపర్ వచ్చింది: గొర్రెలు యాభై సాటి గొర్రెల ముఖాలను రెండేళ్లకు పైగా గుర్తుపెట్టుకుంటాయని. అది డిపార్ట్‌మెంట్‌లో వాళ్ల చేతిలో పెట్టండి.

ఇక డబ్బు. ఫీల్డ్ డబ్బు ఇచ్చేవాళ్లు వేరు, ప్రయాణం డబ్బు ఇచ్చేవాళ్లు వేరు. రెండూ ఒకే దరఖాస్తులో రాస్తే రెండు చోట్లా తిరగ్గొడతారు. మైకుకూ రికార్డర్‌కూ అమెరికాలోని యానిమల్ బిహేవియర్ సొసైటీని చూడండి. మనలాంటి దేశాల్లో ఉండి పనిచేసే సభ్యులకు విడిగా ఒక రీసెర్చ్ గ్రాంట్ ఇస్తారు. విద్యార్థుల గ్రాంట్లు వేరే ఉన్నాయి. ముందు సభ్యత్వం తీసుకోవాలి. రఫర్డ్ ఫౌండేషన్ పేరు చాలామంది చెబుతారు గానీ అది అంతరించే జీవుల సంరక్షణకు. మీరు దాని వెనక పడకండి.

విమానం ఛార్జీలకు, పరిశోధనకు డబ్బిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఒకప్పటి ఎస్ఈఆర్‌బీ, ఇప్పుడు ఏఎన్ఆర్ఎఫ్‌లో కలిసింది కదా, అక్కడి అంతర్జాతీయ ప్రయాణ సాయం ఉంది. పేపర్ గానీ పోస్టర్ గానీ ఒప్పుకున్న లెటర్ ఉండాలి. ముందు మన చేతి డబ్బు పడుతుంది, వచ్చాక బిల్లులు పంపితే ఇస్తారు. కాబట్టి అప్పు ఎవరి దగ్గర పుడుతుందో ముందే చూసుకోండి. సంతకాల కాగితాలు మాత్రం అబ్‌స్ట్రాక్ట్ (మీ పని సారాంశం) కాన్ఫరెన్స్‌కు పంపిన రోజే కదపండి, ఒప్పుకున్నాక కాదు.

అయినా మొదటి అడుగు విదేశం వద్దు. ఎథలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా వాళ్ల మీటింగ్‌లో చెప్పండి. రైలు టికెట్‌తో పోయి రావచ్చు, వినేవాళ్లందరికీ ప్రవర్తన అంటే ఏంటో తెలుసు. రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ ఎథాలజీ కాన్ఫరెన్స్ 2025 ఆగస్టులో కోల్‌కతాలోనే పెట్టారు. నేను పోస్టర్ పెట్టాను. నిలబడి రెండు గంటలు ప్రశ్నలకు జవాబు చెబుతుంటే గొంతు పోయింది. మీకు దొరకాల్సింది అది.

అబ్‌స్ట్రాక్ట్ ఎలా రాశారో తెలియదు గానీ, ‘గుర్తుపడుతున్నాయి’ అని రాస్తే ఎవరూ ఒప్పుకోరు. దాన్ని ఎలా కొలిచారో రాయాలి. గంప ఎత్తిన క్షణం నుంచి పిల్ల చనుమొన పట్టేదాకా ఎన్ని సెకన్లు, ఈలోపు తల్లి ఎన్ని పరాయి పిల్లల్ని వాసన చూసింది. ఈ రెండు అంకెలు చాలు. ఆ అంకెలు కూడా మీరు తీయకూడదు. ఏ పిల్లకు ఎన్ని రోజులో మీకు ముందే తెలుసు, తెలియకుండానే మనసు అటు మొగ్గుతుంది. వయసు చెప్పకుండా వేరే మనిషికి క్లిప్పులిచ్చి లెక్కపెట్టించండి.

పశువుల డాక్టరు, ఒంగోలు:

అమ్మా, ముప్పై ఏళ్లు ప్రకాశం జిల్లా పల్లెల్లో తిరిగి రిటైరయ్యాను. మీరు రాసింది చదువుతుంటే దొడ్లో నిలబడ్డట్టే ఉంది. ఒక్క సంగతి అడుగుతాను. ఆ తడబడే తల్లుల్లో తొలిచూలువి ఎన్ని? మొదటిసారి ఈనిన గొర్రెకు పిల్లను అలవాటు చేసుకోవడమే కష్టం. కొన్ని పొదుగు దగ్గరికి రానీయవు. కాపరి కాళ్లు పట్టుకుని తాపించాల్సి వస్తుంది. మీ లెక్కలో అది కలిసిపోయి ఉంటే, పిల్ల వయసు వల్లనో తల్లి అనుభవం వల్లనో చెప్పలేరు. ప్రతి తల్లికీ ఎన్నో ఈతో రాయండి. మన నెల్లూరు గొర్రెలో కవలలు తక్కువ కాబట్టి ఆ తలనొప్పి పెద్దగా ఉండదు, అది మీ అదృష్టం.

మంద మీ ఇంటిదే, మీరు చూడటం తప్ప ఏమీ చేయడం లేదు. అయినా జంతు నైతిక కమిటీ లెటర్ ముందే తీసుకోండి, జర్నల్ వాళ్లు అడుగుతారు. పలమనేరు పశు పరిశోధన స్థానంలో ఈ జాతి మీదే పని చేశారు. ఒకసారి వెళ్లి మాట్లాడండి. పల్ల, జోడిపి, దొర రకాలు మూడూ తెలిసినవాళ్లు ఉంటారు. మీ మందలో ఏ రకమో కూడా అబ్‌స్ట్రాక్ట్‌లో రాయండి.

నేలపట్టు కొంగలు:

అక్కా, నేను నేలపట్టులో గూడబాతుల గూళ్ల మీద పని చేస్తున్నా. నాది సంరక్షణ కాబట్టి బెంగళూరులో విద్యార్థుల సంరక్షణ కాన్ఫరెన్స్ ఎస్‌సీసీఎస్‌లో చెప్పా, సంరక్షణ పనికి ఇచ్చే ఇన్లాక్స్ రవిశంకరన్ చిన్న గ్రాంట్లకు రాస్తున్నా. అభయారణ్యం కాబట్టి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి కోసమే నెలలు పోయాయి. మీకు ఆ టెన్షన్ లేదు, దొడ్డి మీదే!

మీ వయసు 27 నుంచి 45 లోపు అయితే కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ (డీఎస్‌టీ) వాళ్ల వైజ్-పీహెచ్‌డీ ఫెలోషిప్ చూడండి, మహిళలకే. కాకపోతే ఉద్యోగం వదిలి ఫుల్‌టైమ్ రావాల్సి ఉంటుంది. అది మాత్రం ఇంట్లో కూర్చొని బాగా ఆలోచించుకోండి.

ఉదయగిరి అమ్మాయి:

అందరికీ చేతులెత్తి నమస్కారం. డాక్టరు గారూ, తొలిచూలు సంగతి నాకు తట్టనే లేదు. రాత్రి నాయనను అడిగితే పుస్తకం లేకుండా ఒక్కో గొర్రెదీ ఎన్నో ఈతో చెప్పుకుంటూ పోయాడు. నలభై దాకా రాసేసరికి కరెంటు పోయింది, మిగతావి రేపు. తడబడిన పదకొండింటిలో ఏడు తొలిచూలువే. అంటే నా లెక్క మొత్తం మళ్లీ చూడాలి. బాధగానే ఉంది, కానీ ఆ కాన్ఫరెన్స్‌లో ఎవరో అడిగేకంటే ఇప్పుడు తెలియడం మేలు.

అన్నా, క్లిప్పులు లెక్కపెట్టేదానికి మా తమ్ముడు పనికొస్తాడా? వాడికి మందలో ప్రతి గొర్రే తెలుసు.

కందుకూరు వాసి:

అందుకే వాడు వద్దు, చెల్లెమ్మా. గొర్రెలు తెలియని మనిషి కావాలి. వీడియోలకు నంబర్లు మాత్రమే పెట్టి నాకు పంపండి. ఆదివారాలు కూర్చొని లెక్కపెడతాను.