గంగ కఱుతా, గంగ కరుతా?

రుషికొండ రాళ్ళవాడు:
సభ్యులకు నమస్కారం. దానశాసనాల చివర వచ్చే శాపంలో ఒక్క అక్షరం కొన్నాళ్ళుగా నన్ను తినేస్తోంది.

"ఈ ధర్మానకు ఎవ్వరు తప్పినాను గంగ క...త కవిలల వధించిన పాపాన పోవువారు." అంటే, ఈ దానానికి అడ్డొచ్చినవాడు గంగ దగ్గర ఆవుల్ని చంపినంత పాపాన పోతాడని.

చుక్కలు పెట్టిన చోట ఱు ఉండాలా, రు ఉండాలా? యూనివర్సిటీలో మా గురువుగారు చదివిన తీరు ఇంకా చెవిలో ఉంది కానీ, ఆయన నోట రెండు రేఫలూ (ర, ఱ) ఒకలాగే పలికేవి.

సందర్భం చెప్తాను. నాది ప్రభుత్వ పురావస్తు శాఖలో ఉద్యోగం. ఈ మధ్య నా బల్ల మీదకొచ్చే ఫైళ్ళు చాలావరకు సోలార్, విండ్ వాళ్ళవే. భూమి ఇచ్చే ముందు "అందులో పాతవేమైనా ఉన్నాయా, చూసి చెప్పండి" అంటారు. గ్రామపటం, ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) పట్టుకుని సర్వే నంబర్ల వెంట నడవడమే నా పని. అలా ఒక మెట్టపొలం గట్టు మీద ఈ రాయి దొరికింది. ఊళ్ళో దాన్ని గీతలరాయి అంటారు. గేదెలు వీపు గోక్కోడానికి తప్ప ఎవరికీ పట్టలేదు. కడిగి, తడికాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్దితే నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు వరసగా లేచాయి. ఆ ఒక్కటే లేవలేదు. పగులు సరిగ్గా దాని నడుం మీదుగా పోయింది. కొమ్ము మాత్రం మిగిలింది.

కేంద్ర రక్షిత కట్టడమైతే చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రితం. ఈ రాయి ఏ జాబితాలోనూ లేదు. దానికి కాపలా అంటూ ఉంటే ఆ శాపమే. అదైనా నివేదికలో తప్పు లేకుండా ఎక్కిద్దామని అడుగుతున్నాను.

శకటరేఫ:
బండి ఱ. ఇందులో చర్చించడానికేముందండీ.

గాజువాక మాస్టారు:
చర్చించడానికి చాలా ఉంది బాబూ. తమిళ శాసనాల్లోనూ ఇదే తిట్టు. గంగైక్కరైయిల్ కారాంపశువును చంపిన పాపాన పోతాడని. కరై అంటే ఒడ్డు. అక్కడిది చిన్న రేఫ, బండి ఱ కాదు. మనకూ కరకట్ట ఉంది కదా? దాన్ని కఱకట్ట అని రాసినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. కాబట్టి గంగ కరుత అంటే గంగ ఒడ్డున. చిన్న ర వేసి పంపించేయండి.

శకటరేఫ:
కర దాకా సరే మాస్టారూ. 'ఉత' ఎక్కడి నుంచి ఊడిపడింది? కరలో, కరన, కరపై అంటే ఒప్పుకుంటాను. కరుత అనే రూపం కర నుంచి ఎలా వచ్చిందో చెప్పకుండా పక్కింటి మాట తెచ్చి అతికించడం వ్యుత్పత్తి అనిపించుకోదు. పైగా ఒడ్డు అనే అర్థమే ఎందుకు? కడ, చెంత అన్న అర్థంలోనూ వాక్యం చక్కగా కుదురుతుంది.

గాజువాక మాస్టారు:
గంగ చెంత అన్నా, గంగ ఒడ్డున అన్నా ఆవు చచ్చేది ఒక్కచోటే.

సీమవాసి:
మా పక్క కన్నడ శాసనాల్లో "గంగెయ తడియలి కవిలెయ కొంద పాప" అని ఉంటుంది. తడి అంటే వాళ్ళకు ఒడ్డు, మన దరి లాంటిది. అంటే మూడు భాషలవాళ్ళూ ఒకే తిట్టును ఎవరి మాటలో వాళ్ళు రాసుకున్నారు. తమిళం మాట తెలుగు అక్షరాన్ని నిర్ణయిస్తుందనడం నాకు నచ్చలేదు. అలాగైతే కన్నడం చూసి డ పెట్టమనవచ్చు.

భీమిలి అక్క:
మీరంతా రేఫ దగ్గరే ఆగిపోయారు. నా అనుమానం 'కవిల' మీద. ముప్పయ్యేళ్ళు రెవెన్యూలో చేసినదాన్ని, నాకు కవిలె అంటే లెక్కల పుస్తకమే. కరణాల ఇళ్ళలో కవిలెకట్టలు ఉండేవి. కంపెనీ సర్వేయరు మెకంజీ మనుషులు కైఫియత్తులు (ఊళ్ళ చరిత్రలు) రాసుకున్నదీ చాలావరకు వాటిని చూసే. భూమి దానం చేసినవాడి బెంగ ఆవు మీద ఉంటుందా, రికార్డు మీద ఉంటుందా? రేపు ఎవడో ఆ పుస్తకం మాయం చేస్తే దానం ఏమవుతుంది? అందుకని కవిలె జోలికి వెళ్ళినవాడికి శాపం పెట్టారు.

శకటరేఫ:
అక్కా, 'వధించిన' అని ఉంది. పుస్తకాన్ని ఎవరైనా వధిస్తారా?

భీమిలి అక్క:
నువ్వు ఆఫీసుల్లో పనిచెయ్యలేదు నాయనా. నేను కళ్ళారా చూశాను.

సీమవాసి:
😀 అక్కగారి మాట బాగుంది కానీ నిలవదు. కన్నడంలోనూ కవిలె అంటే ఆవే, కపిల నుంచి వచ్చినది. పైగా చాలా శాసనాల్లో వేయి కవిలలు అని ఉంటుంది. కొన్నింట్లో గంగ బదులు వారణాసి. వారణాసిలో వెయ్యి చిట్టాలు చంపడమేమిటి?

గాజువాక మాస్టారు:
తమిళులకు కారాంపశువు, మనకు కపిల. వాళ్ళది నల్లావు, మనది గోధుమరంగు ఆవు. ఈ తేడా మీద ఎవరైనా వ్యాసం రాయాలి.

ఎండాడ ఇంజనీరు:
నాకు రేఫలు రావు గానీ ఒక సందేహం. "స్వదత్తాం పరదత్తాం వా" శ్లోకం ప్రకారం దానభూమిని లాక్కున్నవాడు 60 వేల ఏళ్ళు అశుద్ధంలో పురుగై పుడతాడు. మా సోలార్ లీజులు 25 ఏళ్ళవి. మిగతా కాలం ఎవరి ఖాతా? 🙂
సీరియస్‌గా అడుగుతున్నా రాళ్ళవాడు గారూ, దీనివల్ల ప్రాజెక్టు ఆగిపోతుందా? మావాళ్ళు పురావస్తు శాఖ అనగానే టెన్షన్ పడతారు.

రుషికొండ రాళ్ళవాడు:
ఎందుకాగుతుందండీ? సోలార్‌లో పలకల కాళ్ళ వల్ల నాకు పెద్ద భయం లేదు. భయమంతా నేల చదును చేసే యంత్రంతో, కేబుల్ కందకాలతో. పైన పెంకులు కనబడే చోట ఒక్క రోజు బుల్డోజరు తిరిగితే ఆ దిబ్బకు ఉన్న పొరలన్నీ కలిసిపోతాయి. ఆ తర్వాత తవ్వినా దేని కింద ఏది ఉండేదో తేల్చలేం. విండ్ అయితే ఒక్కో మర పునాదికి పెద్ద గొయ్యి, దాని దాకా భారీ క్రేన్ వెళ్ళే రోడ్డు. నా లెక్కలో మర కంటే ఆ రోడ్డే ఎక్కువ పాడుచేస్తుంది. గాలి బాగా తగిలే కొండ దొరికిందని వీళ్ళు సంబరపడే చోటికి భిక్షువులో, కోట కట్టినవాడో ముందే ఎక్కి ఉంటారు. మన విశాఖ దగ్గరి బౌద్ధారామాలు తొట్లకొండ, బావికొండ చూడండి. రాతిలో నీళ్ళ తొట్లు తొలుచుకుని, బావులు పెట్టుకుని సముద్రం కేసి చూస్తూ కూర్చున్నారు.

ఇక్కడైతే కందకం ఆ గట్టు పక్కనుంచే గీశారు. కాస్త మళ్ళించి, ఒక వరస పలకలు వెనక్కి జరపమని రాశాను. వాళ్ళ మనిషి "రాయిని లారీలో మ్యూజియానికి పంపేస్తాం, ఖర్చు మాదే" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ శాసనంలో ఎల్లలున్నాయి. తూర్పున చెరువు తూము, దక్షిణాన పుట్ట. రాయి అక్కడుంటేనే ఆ తూము ఏదో వెతకగలం. మ్యూజియం వరండాలో నిలబెడితే ఆ తూర్పు దేనికి తూర్పు?

ఇంకొకటి. సోలార్‌కీ, విండ్‌కీ 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ మదింపు) నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి అక్కర్లేదు. అందుకని భూమి ఫైలు కదిలేటప్పుడు మమ్మల్ని అడిగితేనే మాకు తెలుస్తుంది. అడగకపోతే పలకలు వేశాక రోడ్డు మీద పోతూ చూస్తాం.

గాజువాక మాస్టారు:
అన్నీ నీళ్ళ మీద వేయించెయ్యండి. సింహాద్రి ఎన్‌టీపీసీ రిజర్వాయర్‌లో 25 మెగావాట్లు 2021లోనే తేలించారు, ముడసర్లోవ జలాశయంలోనూ ఉన్నాయి. రాయీ రప్పా గొడవ ఉండదు.

రుషికొండ రాళ్ళవాడు:
నీళ్ళ కింద ఏముందో మీకు తెలియనిదా మాస్టారూ, నాగార్జునకొండ మునిగిన రాష్ట్రం మనది. సరే, నా రేఫ?

శకటరేఫ:
లిపిని బట్టి ఏ కాలం అంటున్నారు? రెడ్డిరాజుల కాలానికి (14, 15 శతాబ్దాలకు) వస్తే చెక్కేవాడు రెండు రేఫలూ కలిపేస్తాడు, అప్పుడు రాయి చెప్పినా సాక్ష్యం కాదు. అంతకంటే పాతదైతే అదే రాతిలో 'చెఱువు' ఎలా రాశాడో చూడండి. అక్కడ శుభ్రంగా బండి ఱ వేసినవాడికి తేడా తెలుసన్నమాట.

రుషికొండ రాళ్ళవాడు:
'చెఱువు'లో బండి ఱ స్పష్టంగా ఉంది. పదమూడో శతాబ్దం అనుకుంటున్నాను. కానీ చెఱువులో తేడా తెలిసినవాడు క...త లో ఏది వేశాడో అది చెప్పదు కదా.

గాజువాక మాస్టారు:
అదీ మాట. తేడా తెలిసినవాడు కాబట్టే చిన్న ర వేసి ఉంటాడు.

శకటరేఫ:
తేడా తెలిసినవాడు కాబట్టే బండి ఱ వేసి ఉంటాడు.

భీమిలి అక్క:
రెడ్డిరాజులంటే గుర్తొచ్చింది. ఇలాంటి శాసనాలు రాసిన చేత్తోనే మన శ్రీనాథుడు చివరికి గుత్తభూమి పట్టి దివాలా తీశాడు. కొండవీట్లో విద్యాధికారి, ఫిరంగిపురం శాసనం ఆయనదే. ముసలితనంలో చేను నది పాలై, శిస్తు కట్టలేక నగరివాకిట (కోట గుమ్మంలో) నల్లగుండు, అంటే పెద్ద రాయి, మోశాడని చాటువు. "బిలబిలాక్షులు తినిపోయె తిలలు పెసలు." సోలార్‌కి పొలం ఇచ్చిన రైతుకు ఆ బాధ లేదు, పిట్టలు పలకలు తినవు.

శకటరేఫ:
ఆ పద్యంలోనూ రేఫ గొడవే ఉంది అక్కా. "బొడ్డుపల్లెను గొడ్డేఱి మోసపోతి." గొడ్డేఱి అంటే ఏమిటి? గొడ్డును ఏఱి, అంటే పనికిరానిదాన్ని ఎంచుకుని అని నేను చెప్పుకుంటాను.

సీమవాసి:
కాదు. ఏరు అంటే నాగలి, ఏరువాకలో ఉన్నది. అది చిన్న ర. గొడ్డునేల దున్ని మోసపోయాడు. కాబట్టి గొడ్డేరి అని దిద్దుకోవాలి.

గాజువాక మాస్టారు:
నదికేమో ఏఱు, బండి ఱ. రెండు పాదాల ముందే కృష్ణవేణమ్మ గొనిపోయె అన్నాడు కదా! ఏటిని వదిలేసి నాగలి దగ్గరకు పరిగెత్తుతారేమిటి?

సీమవాసి:
ఏరు నది అయితే 'గొడ్డేఱి మోసపోతి' అన్వయించండి చూద్దాం. గొడ్డునదియై మోసపోయాడా?

శకటరేఫ:
ఛందస్సు కూడా ఆదుకోదు. తేటగీతి, ప్రాస నియమం లేదు. యతి బొ–మో, గొడ్డేఱి దాకా రాదు. ఏ రేఫ వేసినా గణం అదే. అచ్చు వేసినవాడి దయ.

ఎండాడ ఇంజనీరు:
నగరివాకిట నల్లగుండు అంటే ఇప్పటి లెక్కలో ఎన్ని కిలోలుండొచ్చు?

రుషికొండ రాళ్ళవాడు:
నివేదిక పంపేశాను. క[ఱు/రు]త అని రెండూ వేసి, పక్కన 'అక్షరం భగ్నం' అని రాశాను. కందకం మళ్ళించడానికి ఒప్పుకున్నారు. రాయి చుట్టూ నాలుగు స్తంభాలు పాతి తీగ కడతామన్నారు, ఆ స్తంభాలు ఎంత లోతు పాతుతారో అడగాలి.

శకటరేఫ:
రెండూ వేశారా! కనీసం ఱు ముందు పెట్టారు, సంతోషం.

గాజువాక మాస్టారు:
వరసలో ముందున్నంత మాత్రాన గెలిచినట్టు కాదు బాబూ. సరే, ఆ పద్యం చివర్లో చెప్పిన బొడ్డుపల్లె గుత్త ఏడునూరు టంకాలు (నాణేలు) ఎక్కువా తక్కువా? ఎన్ని పుట్ల నేలకో ఎవరైనా లెక్కగట్టారా?

భీమిలి అక్క:
దానికి వేరే పోస్టు పెట్టండి మాస్టారూ. శిస్తు లెక్కలైతే నేనొస్తాను.