మొదటి కెమెరా: ఇంట్లో పాపకి, కిటికీ బయట పిట్టలకి ఒకే లెన్స్ సరిపోతుందా?

కొత్తచూపు:
ఇన్నాళ్లూ ఫోన్‌తోనే నెట్టుకొచ్చాను. ఇక ఓ కెమెరా కొందామని వెతకడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి బుర్ర వేడెక్కిపోతోంది, ఒకరు పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ కాకపోతే దండగ అంటారు, ఇంకొకరు లోపల అద్దం ఉండే పాత డీఎస్ఎల్ఆర్ చాలంటారు, ఎవరి మాట వినాలో తెలియట్లేదు. నేను తీసేవి ముఖ్యంగా రెండు. మా పాపకి రెండేళ్లు, క్షణం కుదురుగా ఉండదు, సాయంత్రం ఇంట్లో లైట్ల కింద తీస్తే మొహం అలికేసినట్టు వస్తోంది. రెండోది పిట్టలు. కిటికీ ఎదురుగా చెట్టు మీద వాలుతుంటాయి, ఫోన్‌లో జూమ్ చేస్తే ఈకలు కనపడవు, రంగు మరకలే. కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్‌తో ఈ రెండూ అవుతాయా? బాడీకి ఎక్కువ పెట్టాలా, లెన్స్‌కా? మెగాపిక్సెల్స్ ఎన్ని ఉండాలి? దీంతో సంపాదించే ఆలోచన ఏమీ లేదు, సరదాకే.

ముప్పైఐదు:
రెండూ అవ్వవండి, పైగా ఒక్కోటి ఒక్కో కారణంగా అవ్వవు. మీది బాడీతో వచ్చిన సమస్య కాదు కాబట్టి ముందు ఆ బాడీల పోలికల పేజీలన్నీ మూసేయండి.

పాప సంగతి చూద్దాం. పరిగెత్తే పిల్ల ఫోటోలో అలుక్కుపోకుండా రావాలంటే షట్టర్ స్పీడ్ కనీసం సెకనులో 1/250వ వంతు కావాలి. 18-55ని 55 దాకా జూమ్ చేస్తే (ఈ ఎంఎం అంకె పెరిగేకొద్దీ దృశ్యం దగ్గరికొస్తుంది) ఎపర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్/5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది. ఎఫ్/1.8 లెన్స్ దానికంటే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి రానిస్తుంది. అంటే మామూలు ఇంటి లైట్లలో ఎఫ్/1.8 దగ్గర ఐఎస్ఓ (కెమెరా వెలుతురుని ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 1250తో పనైపోయే చోట కిట్ లెన్స్‌తో 12,800 దాకా పోవాల్సి వస్తుంది, అక్కడ మళ్లీ మొహం గరుకుగా, మచ్చలు మచ్చలుగా తయారవుతుంది. లెన్స్ మీద స్టెబిలైజేషన్ ఉందని రాస్తారు కదా, అది మీ చేతి వణుకుని ఆపుతుంది, పాపని ఆపదు.

అందరూ 50ఎంఎం ఎఫ్/1.8 కొనమంటారు. ఇంట్లో వాడ్డానికైతే నేను వద్దంటాను. మొదటి కెమెరాగా కొనేవాటిలో ఎక్కువ భాగం ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సర్‌వే, వాటి మీద 50 పెడితే ఫుల్‌ఫ్రేమ్ మీద 75 పెట్టినట్టు, కెనాన్‌లో అయితే 80. చిన్న గదిలో వెనక్కి వెనక్కి జరుగుతూ గోడకి తగులుతారు. 35 గానీ 30 గానీ చూడండి.

పిట్టలకి లెక్క వేరు. పది మీటర్ల దూరాన కొమ్మ ఉందనుకోండి, 55 దగ్గర మీ ఫ్రేమ్ వెడల్పు నాలుగు మీటర్ల పైమాటే, అందులో పదిహేను సెంటీమీటర్ల పిచ్చుక ఎక్కడుందో వెతుక్కోవాలి. అదే 300ఎంఎం పెడితే ఫ్రేమ్ 78 సెంటీమీటర్లకి వస్తుంది, పిట్ట అందులో ఐదో వంతు. ఇక్కడ చిన్న సెన్సర్ మీకే లాభం, ఇదే ఫ్రేమ్ కావాలంటే ఫుల్‌ఫ్రేమ్ వాళ్లు 450 మోయాలి. పగటి వెలుతురు కాబట్టి ఎఫ్/6.3 అయినా నడిచిపోతుంది.

కాబట్టి నేను చెప్పేది ఒకటే: ఒక 35 ఎఫ్/1.8, ఒక 250 లేదా 300 దాకా వెళ్లే జూమ్, ఈ రెండూ మీకు అందుబాటులో ఏ మౌంట్‌కి (బాడీకి లెన్స్ తగిలించే అమరిక, కంపెనీకో రకం) దొరుకుతాయో చూసి, ఆ మౌంట్ ఉన్న బాడీల్లో తక్కువది కొనండి. మెగాపిక్సెల్స్ 24 ఉంటే 6000 బై 4000, అంగుళానికి 300 చుక్కల లెక్కన 20 అంగుళాల వెడల్పు ప్రింట్ వస్తుంది. ఇక దాని గురించి ఆలోచించకండి.

పాతగాజు:
పైన చెప్పిందంతా ఒప్పుకుంటాను, అందుకే వాడిన డీఎస్ఎల్ఆర్ తీసుకోమంటున్నాను. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నుంచి ఉంది, కెనాన్ ఈఎఫ్ 1987 నుంచి. జనం అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలకి మారుతూ అమ్మేస్తున్న లెన్స్‌లు బోలెడు. మీ 35 విషయంలో నికాన్ ఒక మెట్టు పైనుంది, ఏపీఎస్-సీ కోసమే చేసిన ఏఎఫ్-ఎస్ 35 ఎఫ్/1.8 ఉంది వాళ్లకి. కెనాన్‌లో ఆ సైజు సెన్సర్ కోసం చేసినవాటిలో దానికి దగ్గరగా వచ్చేవి 24 ఎఫ్/2.8, 35 ఎఫ్/2.8 మాక్రో, మంచి లెన్స్‌లే గానీ మీ సాయంత్రం లైట్లకి అంత సుఖం కాదు. పిట్టలకి కెనాన్ 55-250 ఎస్‌టీఎం మాత్రం బాగుంటుంది.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. నికాన్ డీ3000, డీ5000 సిరీస్ బాడీల్లో ఫోకస్ మోటర్ ఉండదు, మోటర్ లెన్స్‌లోనే ఉండాలి. ఏఎఫ్-ఎస్ అని ఉంటే ఉన్నట్టే. ఏఎఫ్-డీ అని ఉన్న పాత లెన్స్ చవగ్గా వస్తోంది కదా అని కొంటే చేత్తో తిప్పుకుంటూ ఫోకస్ చేయాలి. రెండేళ్ల పిల్లతో అది జరిగే పని కాదు.

రాత్రివెలుగు:
ఆ పిల్ల కోసమే నేను డీఎస్ఎల్ఆర్ వద్దంటాను. 35ని ఎఫ్/1.8 దగ్గర పెట్టి మీటరు దూరం నుంచి తీస్తే స్పష్టంగా వచ్చే లోతు మొత్తం ఆరు సెంటీమీటర్లే. పాప తల ఒక్కసారి ఊపితే కన్ను అందులోంచి బయటికి పోతుంది, ముక్కు మీదో చెవి మీదో ఫోకస్ ఉన్న ఫోటోలు మిగులుతాయి. చిన్న డీఎస్ఎల్ఆర్‌లలో ఫోకస్ పాయింట్లు తక్కువ, అవీ ఫ్రేమ్ మధ్యలోనే గుంపుగా ఉంటాయి. మిర్రర్‌లెస్ అయితే కన్నుని తనే పట్టుకుని వెంటాడుతుంది. సోనీ ఎ6400, కెనాన్ ఆర్50, నికాన్ జెడ్50 మూడూ ఈ పని చేస్తాయి. పిట్టల కన్ను కూడా కావాలంటే ఆర్50 గానీ జెడ్50 టూ గానీ చూడండి, ఎ6400లో జంతువుల కన్ను పట్టే సదుపాయం ఉంది గానీ పిట్టలకి పనిచేయదు.

లెన్స్‌లు తక్కువ అనే మాట కూడా పాతబడిపోయింది. సిగ్మా 30 ఎఫ్/1.4 ఇప్పుడు సోనీ, ఫ్యూజీ, నికాన్, కెనాన్ అన్నిటికీ దొరుకుతుంది. ఆర్50కి పాత మౌంట్ లెన్స్ తగిలించే అడాప్టర్ పెడితే పాతగాజు గారు చెప్పిన 55-250 కూడా ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తుంది, అంటే ఆ పాత లెన్స్‌ల లాభం మీకూ దక్కుతుంది.

చిన్న మాట, సైలెంట్ షట్టర్ చూసి మోజు పడకండి. ఎల్ఈడీ లైట్ల కింద అడ్డంగా చారలు పడతాయి కొన్నిసార్లు. పాప నిద్రపోయేటప్పుడు వాడుకోండి.

పాతగాజు:
కన్ను పట్టే విషయంలో మీరన్నది నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. బడ్జెట్ బాగా బిగుతుగా ఉంటే మాత్రం నా మాట నాదే, ఎపర్చర్ రంధ్రాన్ని ఎఫ్/2.8కి తగ్గించి, మధ్య పాయింట్‌తో తీసి తర్వాత క్రాప్ చేసుకుంటే డీఎస్ఎల్ఆర్‌తోనూ పిల్లలు వస్తారు.

కొత్తచూపు:
అందరికీ థాంక్స్, ఇప్పుడు కాస్త తెరిపిన పడ్డాను. మిర్రర్‌లెస్ వైపే మొగ్గుతున్నాను. కానీ రెండు లెన్స్‌లూ ఒకేసారి నా వల్ల కాదు. ముందు ఏది? తర్వాతది సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుంటే ఏం చూసుకోవాలి? ఇంకోటి, కిటికీ అద్దం లోంచి పిట్టల్ని తీయొచ్చా?

ముప్పైఐదు:
పాపది ముందు. పిట్టలు వచ్చే ఏడు కూడా ఇలాగే ఉంటాయి, పాప ఉండదు.

కిట్ లెన్స్‌తో కలిపి కొంటే పెద్దగా తేడా లేకపోతే దాన్నీ తీసుకోండి, పగలు బయట తిరిగేటప్పుడు బాగానే పనికొస్తుంది. నా మాట మీద 35 కొనేముందు ఆ కిట్ లెన్స్‌నే ఒక రోజంతా 35 దగ్గర, ఇంకో రోజు 50 దగ్గర కదపకుండా పెట్టి ఇంట్లో తీసి చూడండి. ఫోటోలు చీకటిగా వచ్చినా పర్లేదు, ఎంత వెడల్పు మీకు హాయిగా ఉందో తెలిసిపోతుంది. మీ ఇంట్లో గదులు పెద్దవైతే 50 నచ్చినా నచ్చొచ్చు.

పాతగాజు:
వాడిన లెన్స్ చూడ్డానికి వెళ్లేటప్పుడు టార్చ్ తీసుకెళ్లండి. వెనక నుంచి వెలుగు వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడాలి. లోపల నాలుగు దుమ్ము కణాలుంటే వదిలేయండి, వాటివల్ల ఫోటోకి ఏమీ కాదు. సాలెగూడు పోగుల్లాంటివి అల్లుకుని కనిపిస్తే అది ఫంగస్, ఎంత చవగ్గా ఇచ్చినా వద్దనండి. ఎపర్చర్ రేకుల మీద నూనె మెరుస్తోందా చూడండి, అది ఉంటే రేకులు బద్ధకంగా కదిలి ఎక్స్‌పోజర్ తప్పుతుంది. జూమ్ రింగ్ ఈ చివర్నుంచి ఆ చివరికి ఒకే బిగువుతో తిరగాలి. మీ కెమెరాకే తగిలించి రెండు చివర్లలోనూ, దగ్గరి వస్తువు మీదా దూరపు వస్తువు మీదా ఆటోఫోకస్ చేసి చూడకుండా డబ్బులివ్వకండి. అమ్మేవాళ్లు తొందరపెడుతుంటే లేచి వచ్చేయడమే.

బాడీ కూడా వాడినదే అయితే ఎఫ్/16 పెట్టి తెల్లగోడనో ఆకాశాన్నో ఫోటో తీయండి, సెన్సర్ మీద మరకలుంటే నల్లచుక్కలుగా బయటపడతాయి. తుడిస్తే చాలావరకు పోతాయి గానీ బేరానికి పనికొస్తాయి.

కిటికీపిట్ట:
అద్దం గురించి అడిగారు కాబట్టి చెబుతున్నా, నేను పిట్టలు తప్ప ఇంకేం తీయను. తెరవగలిగితే తెరిచే తీయండి. తెరవడం కుదరకపోతే అద్దం తుడిచి, లెన్స్ ముందు తొడిగే హుడ్‌ని దాదాపు తాకేంత దగ్గరగా, అద్దానికి సూటిగా ఎదురుగా పెట్టండి. ఏటవాలుగా పెడితే ఫోటో మెత్తబడిపోతుంది, లెన్స్ బాలేదేమో అని అనుమానపడతారు. గదిలో లైట్లు ఆర్పేయండి, లేకపోతే మీ ప్రతిబింబమే వస్తుంది. కొమ్మ మీద కూర్చున్న పిట్టకైనా షట్టర్ స్పీడ్ 1/1000 పెట్టుకోండి, ఎగిరేదానికి 1/2000.

300 కొన్న తర్వాత అందరూ 600 కావాలంటారు. దానికి ముందు పది మీటర్లని ఐదు మీటర్లు చేసే మార్గం చూడండి, ఫ్రేమ్‌లో పిట్ట సైజు రెట్టింపవుతుంది. కిటికీకి దగ్గర్లో ఓ వెడల్పాటి గిన్నెలో నీళ్లు పెట్టి, దాని పక్కనే చిన్న ఎండుకొమ్మ నిలబెట్టండి. నీళ్లకి దిగేముందు చాలావరకు ఆ కొమ్మ మీద ఆగుతాయి. ఫోకస్ ముందే అక్కడ పెట్టుకుని, కర్టెన్ వెనకాల కదలకుండా కూర్చోవాలి. మొదటి కొన్ని రోజులు ఏమీ రాకపోవచ్చు, గిన్నె మాత్రం తీయకండి.