పౌరుడంటే పట్నపోడేనా?

పరకాల పిల్లగాడు:
గ్రూప్-2 కోసం హన్మకొండలో రూమ్ తీసుకుని చదువుతున్నా. ఇంగ్లీషులో సివిల్ రైట్స్ వేరు, సివిల్ లిబర్టీస్ వేరు. నా తెలుగు నోట్సులో రెండూ ‘పౌర హక్కులే’. మా ఊళ్లో నెలాఖరున తహసీల్దార్ ఆఫీసోళ్లు వచ్చి జరిపేది కూడా పౌర హక్కుల దినమే. మొన్న ఇంటికాడ బిగ్గరగా చదువుతుంటే మా నాయనమ్మ ‘పౌరుడంటే ఎవడురా, పట్నపోడా?’ అన్నది. నవ్విన గానీ జవాబు దొరకలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ తెలుగు సారు:
మీ నాయనమ్మకు నూటికి నూరు వేశాను బాబూ. పురంలో ఉండేవాడే పౌరుడు. లాటిన్‌లోనూ అంతే, పౌరుణ్ని సూచించే కివిస్ అనే మాట నుంచే సివిల్, సిటీ రెండూ పుట్టాయి. లిబర్ అంటే బానిస కానివాడు, లిబర్టీ అందులోంచి వచ్చింది. వెట్టి చూసిన మన ఊళ్లకు దాన్ని విడమర్చి చెప్పాలా? మన ‘స్వేచ్ఛ’ మాత్రం స్వ, ఇచ్ఛ కలిసిన గుణసంధి. తన ఇష్టం అన్నమాట. అందుకే నా క్లాసులో అర్థం అడిగితే ‘ఇష్టమొచ్చినట్టు తిరుగుట’ అని రాసేవాళ్లు. సగం మార్కు వేసేవాణ్ని. ఇక హక్కు అరబీలో పుట్టి ఫారసీ, ఉర్దూల మీదుగా మన దగ్గరికొచ్చింది. అక్కడ దానికి సత్యమనే అర్థం కూడా ఉంది. సంస్కృతం పౌరుడి పక్కన ఉర్దూ హక్కు, అచ్చం మన వరంగల్ బజారులాగే!

కోర్టు గుమాస్తా:
సారు మాటల సంగతి చెప్పారు, నేను కాగితాల సంగతి చెప్తా. మీ ఊళ్లో జరిపేది 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం గురించి. 1976లో దాని పేరు పౌర హక్కుల పరిరక్షణ చట్టంగా మారింది. గుళ్లోకి రానివ్వకపోయినా, హోటల్లో వేరే గ్లాసు పెట్టినా కేసే. అక్కడ సర్కారు ముందుకొచ్చి అడ్డు తీయాలి. లిబర్టీ దగ్గర సర్కారే చెయ్యి వెనక్కి తీసుకోవాలి. పౌర హక్కుల సంఘం ఇంగ్లీషు పేరు చూడు, అందులో ఉన్నది లిబర్టీసే. ఆ సంఘం నాయకుడు, పిల్లల డాక్టర్ రామనాథం గారిని 1985 సెప్టెంబరు 3న ఇక్కడే వరంగల్‌లో కాల్చి చంపారు.

నాకు తేడా తెలిసింది మాత్రం పుస్తకంలో కాదు. పేరు కలిసిందని మా తమ్ముణ్ని ఓ రాత్రి ఠాణాకు తీసుకుపోయి మూడో రోజు దాకా కూర్చోబెట్టారు. రాసిన కాగితమే లేదు. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం ప్రయాణం పోను 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుంచాలి. అమ్మ టిఫిన్ డబ్బాతో గేటు దగ్గరే ఉంది. వకీలు హెబియస్ కార్పస్ వేస్తానంటే అప్పుడు వదిలారు. మనిషిని కోర్టుకు తెచ్చి చూపించమనే పిటిషన్ అది. అమ్మకు నోరు తిరగక ఇప్పటికీ ‘ఏబీసీ కాగితం’ అంటుంది.

పరకాల పిల్లగాడు:
నాయనమ్మకు ఫోన్ చేసి అంతా చదివి వినిపించిన సార్. నూరు మార్కులు పట్టించుకోలేదు. ఈసారి ఆఫీసోళ్లు వస్తే హోటల్లో గ్లాసుల ముచ్చట తనే అడుగుతదట.