పది జతలు ఎందుకు? (ఖురాన్ 33:35)

ప్రశ్న: ఖురాన్‌లో అహ్‌జాబ్ సూరా (33వ అధ్యాయం) 35వ ఆయతు (వాక్యం) తెలుగులో చదివాను. విశ్వసించే పురుషులు, విశ్వసించే స్త్రీలు, సత్యం పలికే పురుషులు, సత్యం పలికే స్త్రీలు... ఇలా పది జతలు. "విశ్వసించేవారు, సత్యం పలికేవారు" అంటే సరిపోదా?

జవాబు: తెలుగులో సరిపోతుందండి. మన "వారు"లో ఆడా మగా ఇద్దరూ ఉంటారు. అరబీలో బహువచనానికీ లింగం ఉంది: ముస్లిమీన్ పుంలింగం, ముస్లిమాత్ స్త్రీలింగం. ఇద్దరూ కలిసిన గుంపుకి పుంలింగమే వాడతారు. ఖురాన్‌లో మగవాళ్ళ మాటే వస్తోంది, మా మాట రాదేం అని ప్రవక్త భార్య ఉమ్మె సలమా అడిగారని, అప్పుడు ఈ ఆయతు వచ్చిందని హదీసు (ప్రవక్త మాటలు, చేతల గురించిన ఉల్లేఖనం) కథనం. తిర్మిజీ హదీసు సంకలనంలో ఇలా అడిగింది ఉమ్మె ఉమారా అనే అన్సారీ (ప్రవక్తకు అండగా నిలిచిన మదీనా వాసుల) మహిళ. ఎవరైతేనేం, నిలదీసి అడిగారు!

స్త్రీపురుషులు సమానమని ఖురాన్ నుంచే వాదిస్తూ పుస్తకాలు రాసిన అమీనా వదూద్ (1992), అస్మా బర్లాస్ (2002) వంటి ఆధునిక వ్యాఖ్యాతలకు ఇది ఆయువుపట్టు లాంటి ఆయతు. దీని పక్కనే 3:195 పెడతారు: మగైనా ఆడైనా, మీలో ఎవరి కర్మనూ వృథా కానివ్వను అని అల్లాహ్ అంటాడు. ఆదాము పక్కటెముక నుంచి స్త్రీ పుట్టిందన్న మాట ఖురాన్‌లో లేదని కూడా గుర్తుచేస్తారు. 4:1లో ఉన్నది "ఒకే నఫ్స్ (ప్రాణం) నుంచి" అని మాత్రమే.

ప్రశ్న: మరి 4:34 మాటేమిటండీ? పురుషులు స్త్రీల మీద "ఖవ్వామూన్" (సంరక్షకులు, కొందరి అనువాదంలో అధికారులు) అంది కదా?

జవాబు: అసలు పేచీ అక్కడే. పుణ్యఫలం ఇద్దరికీ సమానమని సంప్రదాయ పండితులూ ఒప్పుకుంటారు. ఇంట్లో, చట్టంలో హోదా వేరే సంగతి అంటారు. వదూద్ మాత్రం, మగవాళ్ళు తమ సొమ్ము ఖర్చుపెడుతున్నందుకు అని ఆ ఆయతులోనే కారణం ఉంది కాబట్టి అది బాధ్యతే తప్ప పుట్టుకతో వచ్చిన ఆధిక్యం కాదంటారు. నాకు ఆ వాదన నచ్చింది. కానీ 33:35 ఒక్కదాన్నే పట్టుకుని వారసత్వ వాటాలూ సమానమే అనేదాకా వెళ్ళలేం.

ఇంకోటి. పది జతలయ్యాక, ప్రతిఫలం చెప్పేచోట "లహుమ్" అని మళ్ళీ పుంలింగ బహువచనమే వస్తుంది. పేరుపేరునా స్త్రీలను చెప్పాక వచ్చింది కాబట్టి అందులో వాళ్ళు లేరనడానికి వీల్లేదు. మన అనువాదాల్లో అది "వారి కోసం" అయిపోతుంది గనక ఈ సంగతి తెలుగులో కనబడదు.