బీరు కాస్తారా, పులియబెడతారా?

ప్రశ్న: అమెరికాలో ఉంటున్న మా మిత్రుల కోసం ఇంట్లో బీరు తయారీ గురించి తెలుగులో ఒక చిన్న కరదీపిక రాస్తున్నాను. శీర్షిక దగ్గరే బండి ఆగింది. ‘ఇంట్లో బీరు కాయడం ఎలా?’ అని పెడితే, సారా బట్టీ పెట్టావా అని నాన్నగారు ఫోనులోనే నిలదీశారు. ‘బీరు పులియబెట్టడం’ అంటే దోసెల పిండి గుర్తొస్తోంది. ఏది సరైనది?

జవాబు: నాన్నగారి అనుమానంలో న్యాయం ఉందండీ. పాలు కాస్తాం, టీ కాస్తాం. మత్తు పానీయం దగ్గరకు వచ్చేసరికి మాత్రం ‘కాచు’ను సారా ఎప్పుడో సొంతం చేసుకుంది. సారా కాయడమంటే పులిసిన ద్రవాన్ని మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి పట్టడం. బీరుకూ పొయ్యి వెలిగించాలి, కానీ పులియడానికి ముందు. ఇక ‘పులియబెట్టు’ మొత్తం పనిలో ఒక దశకే పేరు. పైగా అందులో పులుపు వినబడుతుంది. మామూలు బీరు పుల్లబడిందంటే పాత్ర సరిగా శుభ్రం చేయలేదన్నమాటే. శీర్షికకు ‘ఇంట్లో బీరు తయారీ’ చాలు. తెలుగు రుచి లోపలి మాటల్లో చూపించండి.

మాల్ట్ అనే మాట రాగి మాల్ట్ పుణ్యమా అని అందరికీ తెలుసు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని బరకగా ఆడించి 65–68 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో గంటసేపు ఉంచుతారు. ఆ వేడికి గింజలోని ఎంజైములు పిండిని చక్కెరగా మార్చి నీటిలోకి వదులుతాయి. దీన్ని ‘నానబెట్టడం’ అంటే సగమే చెప్పినట్టు. ‘ఊరబెట్టడం’ అనండి, సారం దిగడం కూడా అందులో వస్తుంది. అలా దిగిన తియ్యటి ద్రవమే ‘ఊట’. ఎక్సైజు దాడుల వార్తల్లో ‘బెల్లపు ఊట ధ్వంసం’ అని రాస్తారే, ఆ ఊటే.

మరొకరు: చిన్న అభ్యంతరం. బెల్లపు ఊట అప్పటికే పులుస్తున్న సరుకు. మీరు చెప్పేదానిలో ఇంకా ఈస్ట్ పడనే లేదు కదా!

జవాబు: నిజమే. ‘తీపి ఊట’, ‘పులిసిన ఊట’ అని విడదీస్తే సరి. తీపి ఊటను హాప్స్ పువ్వులతో గంటసేపు మరిగిస్తే చేదు దిగుతుంది. తర్వాత 20 డిగ్రీలకు చల్లార్చి ఈస్ట్ కలపాలి. కొత్తవాళ్లయితే ఊరబెట్టే పని మానేసి, డబ్బాలో దొరికే చిక్కటి మాల్ట్ పాకంతో మొదలుపెట్టవచ్చు; 20 లీటర్లకు సుమారు 3 కిలోలు పడుతుంది.

ఇంకొకరు: ఈస్ట్ కలపడాన్ని ‘తోడు వేయడం’ అంటే?

జవాబు: వినడానికి ముచ్చటగా ఉంది కానీ నాకు ఒప్పుదల కాదు. తోడు వేస్తే గడ్డ కట్టాలి, ఇక్కడ నురుగు కడుతుంది. ఈస్ట్‌కు ‘కలపడం’ చాలు.

నాకు బాగా నచ్చిన మాట ‘తేరడం’. రెండు వారాలకు నురుగు అణగి, మడ్డి అడుగుకు దిగి, పైన బీరు తేరుతుంది. ఆ తేటను మడ్డి కదలకుండా గొట్టంతో దించి, సీసాలో బుడగలు పుట్టడానికి లీటరుకు 6 గ్రాముల చొప్పున చక్కెర కలిపి సీసాల్లో బిగించాలి. ఇక్కడ మాత్రం భాష కన్నా, ద్రవం సాంద్రతను కొలిచే హైడ్రోమీటరును నమ్మండి. రెండు మూడు రోజులు వరుసగా ఒకే అంకె చూపాకే సీసాలు ముట్టాలి. ఊటలో ఇంకా చక్కెర మిగిలి ఉండగా మూత బిగిస్తే సీసా పేలుతుంది.

మరొకరు: ముందుమాటలో చట్టం సంగతి కూడా రాయండి. అమెరికాలో 1978 నాటి కేంద్ర చట్టంతో ఇంటి బీరుకు దారి దొరికింది. ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, సొంత వాడకానికే, అమ్మకూడదు. మిసిసిపి, అలబామా రాష్ట్రాలు 2013లో గానీ ఒప్పుకోలేదు. మన రెండు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా చేస్తే ఎక్సైజు నేరమే. కరదీపిక చదివి ఊళ్లో ఉన్న తమ్ముళ్లు బిందెలు కడగకముందే ఆ ముక్క పెద్ద అక్షరాల్లో వేయండి.