చలివేంద్రం పెట్టిన పది రోజులకే కుండలు ఎండిపోతున్నాయి, రెండు నెలలు నడపాలంటే ఎలా?

బస్టాండ్ ఫ్యాన్సీ:
అందరికీ నమస్కారం. మాది పిడుగురాళ్ల, బస్టాండ్ దగ్గర చిన్న ఫ్యాన్సీ షాపు. కిందటేడు మా వరసలో ఏడు షాపులవాళ్లం తలా రెండు వేలు వేసుకుని చలివేంద్రం పెట్టాం. తాటాకు పందిరి, ఆరు కుండలు, ప్రారంభానికి ఊళ్లో ఒక పెద్దాయన, మొదటిరోజు మజ్జిగ, ఆ ఫొటోలు వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగాయి. వారం రోజులు బాగానే నడిచింది. ఆ తర్వాత పక్కషాపు వాళ్లు పోస్తారులే అని నేను, నేను పోస్తాననుకుని వాళ్లు ఊరుకున్నాం. ఓ రోజు మధ్యాహ్నం ఒక ముసలాయన వచ్చి కుండ మూత తీసి లోపలికి చూసి, మళ్లీ మూత పెట్టేసి వెళ్లిపోయాడు. ఏమీ అనలేదు. రెండు తిట్టినా బాగుండేది, అది మటుకు ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నా.

మా వైపు ఎండలు ఎలా ఉంటాయో తెలుసుగా, పక్కనే ఉన్న రెంటచింతల పేరు వేసవి వార్తల్లో రోజూ వింటూనే ఉంటారు. సున్నపు బట్టీల్లో పనిచేసేవాళ్లు, మిరపకాయ కోతలకి కర్నూలు వైపు నుంచి పిల్లాపాపలతో దిగే కూలీలు, పల్లెల నుంచి ఆసుపత్రి పని మీద వచ్చే ముసలివాళ్లు, అందరూ ఈ బస్టాండ్లోనే కూర్చోవాలి. ఈసారి పరువు పోకుండా రెండు నెలలూ నడపాలని ఉంది. నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే ఖర్చు, నీళ్లు, మనుషులు, అంతా వివరంగా చెప్పండి. మజ్జిగ కూడా రోజూ పోయగలమా?

మధిర టిఫిన్ సెంటర్:
బాబూ, మాది ఖమ్మం జిల్లా మధిర. స్టేషన్ రోడ్డులో హోటల్. ఆరేళ్లుగా నడుపుతున్నాం, మొదటి ఏడు మాదీ మీ కథే. మీరు కుండలకి, పందిరికి, మజ్జిగకి డబ్బు పెట్టారు గానీ పోసే మనిషికి పెట్టలేదు. సేవ అంటే ఊరికే చేయాలి కదా అని అందరం అనుకుంటాం, ఊరికే చేసేది పది రోజులే నడుస్తుంది. మేం మా హోటల్లో అంతకుముందు గిన్నెలు తోమిన ఒక పెద్దామెని పెట్టాం. పొద్దున తొమ్మిదింటికి వచ్చి కుండలు కడిగి నింపుతుంది, సాయంత్రం అయిదున్నరకి వెళ్తుంది, రోజుకి మూడొందలు, మధ్యాహ్నం భోజనం మా హోటల్లోనే. డెబ్బై రోజులకి ఇరవై ఒక్క వేలు. నీళ్లు రోజుకి పన్నెండు క్యాన్లు, ప్లాంటు వాడు మాకు పది రూపాయలకే వేస్తాడు, అంటే ఎనిమిది వేల నాలుగొందలు. మొత్తం ముప్పై వేలు దాటదు. ఏడు షాపులకి పంచితే తలకి నాలుగు వేల పైచిలుకు, అదీ ఒకేసారి వసూలు చేసి ఒకరి దగ్గర పెట్టండి. నెలనెలా అడిగితే రెండో నెల ఎవడూ ఫోనెత్తడు!

కుండల సంగతి. కొత్త కుండ తెచ్చిన రోజే వాడకండి, ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, మొదట పోసిన నీళ్లు పారబోసి అప్పుడు వాడాలి. సబ్బు పెట్టి తోమారంటే ఆ కంపు కుండని వదలదు, కొబ్బరి పీచు చాలు. కింద ఇసుక పోసి తడుపుతూ ఉండాలి, చుట్టూ తడి గోనెపట్టా. పందిరి నాలుగు వైపులా ఫ్లెక్సీలు కట్టి గాలి ఆపేశారో, కుండ ఉన్నా లేనట్టే.

అవును, ఉగాది దాకా ఆగొద్దు. మీ మిరప కూలీలు ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే కదా ఉండేది. అందరూ ముహూర్తం చూసుకుని పెట్టేసరికి సగంమంది సొంతూళ్లకి వెళ్లిపోయి ఉంటారు.

ఉప్పుగాలి:
మాది బందరు. ఆయన చెప్పిన కుండ లెక్క మీ పల్నాడులో పనిచేస్తుంది, గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఊరిన తడి వెంటనే ఆరుతూ నీళ్లని చల్లబరుస్తుంది. మా దగ్గర గాలే తడి, కుండ చెమటలు కక్కుతుంది గానీ అంతగా చల్లబడదు. సముద్రం వైపు వాళ్లెవరైనా ఇది చదివి మోసపోతారని చెప్తున్నా.

ఫ్లెక్సీ బాధితుడు:
ఫ్లెక్సీకి ఎంతయింది, కుండలకి ఎంతయింది? కిందటేడు లెక్క నిజం చెప్పండి సార్, ఇక్కడ అందరం మనవాళ్లమే 😄

బస్టాండ్ ఫ్యాన్సీ:
ఫ్లెక్సీకే ఎక్కువ అయింది. ఆరు కుండలూ కలిపినా అంత కాలేదు. దాన్నే ఇప్పుడు షాపు వెనక రేకుల మీద కప్పాం, వాన పడకుండా.

మందుల కొట్టు:
నరసరావుపేటలో మెడికల్ షాపు మాది. రెండు మూడు మాటలు చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

మజ్జిగ రోజూ అంటే నేనొద్దంటాను. పెరుగు మంచిదే అయినా అందులో వేసే ఐసు ఎక్కడిదో చూడండి. చేపల పెట్టెలకి వాడే దిమ్మ ఐసు తాగే నీళ్లతోనే చేశారన్న నమ్మకం లేదు, తినడానికి పనికిరాని ఐసులో నీలం రంగు కలపాలని 2018లో రూలు కూడా వచ్చింది, బండి మీద వచ్చేది తెల్లగానే ఉంటోంది మరి. ఒక్కరోజు పుణ్యానికి వంద మందికి విరేచనాలు పట్టుకుంటే పేరు మీదే పోతుంది. పోయాలనుకుంటే కుండ నీళ్లతోనే చిలికి, ఐసు లేకుండా, రెండు గంటల్లో అయిపోయేంతే చేయండి.

దానికంటే ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఒక డబ్బాలో ఉంచండి. 20.5 గ్రాముల ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్లలో, మొత్తం ఒకేసారి కలపాలి. కొంతమంది గ్లాసు నీళ్లలో చిటికెడు చిటికెడు వేసుకుంటారు, అది తప్పు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. అట్టపెట్టెల్లో వచ్చే పళ్లరసాలని ఓఆర్ఎస్ అని కొనుక్కొచ్చి పంచకండి. వాటి మీద ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబరులో ఆదేశాలొచ్చాయి, దానికోసం హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి కొట్లాడారు. అసలు ఫార్ములా కంటే వాటిలో చక్కెర చాలా ఎక్కువ.

మీ పోసే పెద్దామెకి ఒక్క విషయం నేర్పండి. ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే అందరూ చేసే మొదటి పని నోట్లో నీళ్లు పోయడం. స్పృహ లేని మనిషికి పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, మెడ, చంకలు, గజ్జల దగ్గర తడిగుడ్డలు పెట్టి విసురుతూ ఉండాలి, ఈలోపు ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఒళ్లు కాలిపోతూ మాట తేడాగా వస్తోందంటే అది నీరసం కాదు, వడదెబ్బ. 2015 మే గుర్తుందా, రెండు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు. ఆ నెల నా కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది ఎండలో పనిచేసేవాళ్లే.

డాలస్ తెనాలి:
మాది తెనాలి, ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నాం. మొత్తం ముప్పై వేలూ నేను పంపిస్తా అన్నా, అకౌంట్ నంబర్ మెసేజ్ చేయండి.

మధిర టిఫిన్ సెంటర్:
తమ్ముడూ నీ మనసు మంచిదే, కానీ మొత్తం నువ్వు పంపితే ఆ ఏడు షాపులకీ పట్టదు. డబ్బు పెట్టినవాడే పొద్దున్నే వచ్చి కుండలో చెయ్యి పెట్టి చూస్తాడు. పెద్దామె జీతంలో సగం పంపు, చాలు.

ఊరి టీచరమ్మ:
మగవాళ్లంతా కుండల దగ్గరే ఆగిపోయారు కాబట్టి నేను చెప్పాలి. పల్లె నుంచి బస్సెక్కి వచ్చే ఆడవాళ్లు మీ నీళ్లు తాగరు. దాహం లేక కాదు, తాగితే తర్వాత ఎక్కడికి వెళ్లాలో తెలియక. పొద్దున ఇంట్లో బయల్దేరి సాయంత్రం ఇల్లు చేరేదాకా గుక్క నీళ్లు తాగని వాళ్లు మా బస్సులో రోజూ కనిపిస్తారు, నేను కూడా చాలా రోజులు అలాగే చేశాను, కిడ్నీలో రాయి వచ్చాక మానేశాను. మీ ఏడు షాపులవాళ్లకి ఏదో ఒక బాత్రూమ్ ఉంటుందిగా, దాని తలుపు తెరవండి.

ఇంకోటి. గ్లాసులు పోతున్నాయని కొన్ని చోట్ల దోసిట్లో పోస్తున్నారు. మీకది సౌకర్యం కావచ్చు. మా నాన్నకి చిన్నప్పుడు టీ కొట్లో గ్లాసు ఇచ్చేవాళ్లు కాదు, పైనుంచి దోసిట్లో పోసేవాళ్లు, ఎందుకో మీకు తెలుసు. ఆయన ఇప్పటికీ అలా పోసే చోట తాగడు. అందరికీ ఒకటే గ్లాసులు పెట్టండి, గొలుసు కట్టుకుంటే కట్టుకోండి, కడగడానికి పక్కన బకెట్ ఉంచండి.

బస్టాండ్ ఫ్యాన్సీ:
మేడమ్, కిందటేడు చివర్లో మేం దోసిట్లోనే పోశాం. గ్లాసులు పోయాయని. ఈ కోణం నాకు తట్టలేదు, సారీ.

నిన్న రాత్రి షాపులు కట్టేశాక అయిదుగురం కూర్చున్నాం, ఇద్దరు రాలేదు. రోడ్డు చివర ఇస్త్రీ చేసే అతని వాళ్లమ్మ పని చేస్తానంది, మూడొందలకి ఒప్పుకుంది, ఆదివారం సెలవు కావాలంది, ఆ రోజు మేమే వంతులవారీగా కూర్చోవాలి. వచ్చే సోమవారం మొదలు, ప్రారంభోత్సవం లేదు. డాలస్ తమ్ముడూ, జీతంలో సగం నీదే, మెసేజ్ పెట్టా. మా కాంప్లెక్స్ వెనక బాత్రూమ్ తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంచుదామన్నాం, దానికి నలుగురు సరే అన్నారు, చెప్పుల షాపాయన మాత్రం ఎవరు కడుగుతారో తేల్చండి అని లేచి వెళ్లిపోయాడు. ఆయన అడిగింది న్యాయమే. మున్సిపాలిటీలో పనిచేసే ఒకాయన్ని రోజూ సాయంత్రం వచ్చి కడిగిపెట్టమని అడిగా, ఎంత అడుగుతాడో రేపు చెప్తానన్నాడు.