సీ బక్‌థార్న్ జ్యూస్ తాగితే షుగర్ మాత్రలు మానేయొచ్చా?

బ్రాడీపేట అమ్మాయి:
మా అమ్మకి షుగర్, బీపీ ఉన్నాయి, పోయినేడు స్టెంట్ కూడా వేశారు. వీధిలో తెలిసినావిడ ఒకరు సీ బక్‌థార్న్ జ్యూస్ అని మూడు వేల బాటిల్ అంటగట్టారు. రోజూ పరగడుపున రెండు మూతలు తాగితే మూడు నెలల్లో మాత్రలతో పనుండదట. అమ్మ అప్పుడే రాత్రి షుగర్ మాత్ర మానేసింది, వద్దంటే "హిమాలయాల్లో కాసే పండే, నీకేం తెలుసు" అంటోంది. ఇందులో నిజమెంతో తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్, గుంటూరులో నాకు అడిగే దిక్కు లేదు.

గవర్నర్‌పేట ఫార్మసిస్ట్:
ముందు ఆ మాత్ర ఈ రాత్రికే మళ్లీ వేయించండమ్మా, మిగతావన్నీ తర్వాత. ఈ పండు షుగర్ మీద ఏం చేస్తుందో చూసిన పరిశోధనలు ఉన్నాయి కానీ మెట్‌ఫార్మిన్ లాంటి షుగర్ మందు ఆపేయొచ్చని చెప్పే ఆధారం ఏదీ లేదు. ఇంకొకటి, స్టెంట్ వేశారంటే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతూ ఉంటారు కదా? సీ బక్‌థార్న్ నూనెకి కూడా రక్తం గడ్డకట్టడాన్ని కొంత తగ్గించే గుణం ఉంది, రెండూ కలిస్తే రక్తస్రావం ముప్పు పెరగొచ్చు. కాబట్టి గుండె డాక్టర్‌ని అడక్కుండా తాగించొద్దు.

లేహ్‌లో పనిచేసినవాణ్ణి:
పండు మాత్రం మంచిదేనండీ, నేను ఆర్మీలో ఉన్నప్పుడు లద్దాఖ్‌లోని నుబ్రా లోయలో చూశాను. నిండా ముళ్లున్న పొద, కొమ్మని అంటిపెట్టుకుని శనగగింజంత పండ్లు గుత్తులుగా ఉంటాయి, చేత్తో కోస్తే చితికిపోతాయి, అందుకని అక్కడివాళ్లు కింద గుడ్డ పరిచి కర్రతో కొడతారు. నోట్లో వేసుకుంటే చింతకాయని మించిన పులుపు, పైగా వగరు. మైనస్ 40 చలికి కూడా ఆ చెట్టు తట్టుకుంటుంది. లేహ్‌లోని డీఆర్‌డీఓ (రక్షణ పరిశోధన సంస్థ) ల్యాబ్ వాళ్లే దీనితో జ్యూస్ చేసే పద్ధతి కనిపెట్టారు. 2023లో లద్దాఖ్ సీ బక్‌థార్న్‌కి జీఐ ట్యాగ్ (ఆ ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి అనే గుర్తింపు) కూడా వచ్చింది. ఆ ఊళ్లవాళ్లకి ఇది నాలుగు డబ్బులు తెచ్చే పంట, అమ్మేవాళ్లు చెప్పే అబద్ధాలకి పండుని తిట్టొద్దని నా మనవి.

విజయవాడ డైటీషియన్:
ఆయన చెప్పింది నిజం. విటమిన్ సి బాగా ఉంటుంది, అయితే రకాన్ని బట్టి చాలా తేడా వస్తుంది, కొన్నింటిలో 100 గ్రాములకు 100 మిల్లీగ్రాముల లోపే, కొన్నింటిలో 1000 కూడా దాటుతుంది. ఆ నారింజ రంగు కెరోటిన్లది, విటమిన్ ఇ కూడా ఉంటుంది. నిజంగా దీని ప్రత్యేకత నూనె. చాలా పండ్లలో నూనె గింజలోనే ఉంటుంది, దీనికి గుజ్జులోనూ ఉంటుంది, ఆ గుజ్జు నూనెలో ఒమేగా-7 అనే అరుదైన కొవ్వు ఎక్కువ. గింజ నూనెలో ఒమేగా-3, 6. కళ్లు పొడిబారడం మీద ఫిన్లాండ్‌లో ఈ నూనెతో చేసిన ఒక పరిశోధనలో కొంత మేలు కనబడింది. అంతవరకే.

జ్యూస్ కదపకుండా ఉంచితే పైన నూనె తెట్టు కట్టొచ్చు, అది పాడైనట్టు కాదు. కానీ ఈ పులుపుని తాగించాలంటే చాలామంది పంచదార దండిగా కలుపుతారు, షుగర్ మనిషికి అదే అసలు ప్రమాదం. బాటిల్ వెనక "యాడెడ్ షుగర్" ఎంతో చూడండి. విటమిన్ సి కోసమే అయితే మూడు వేలెందుకు, రైతుబజారులో దొరికే జామకాయలో 100 గ్రాములకు 200 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, బత్తాయి కన్నా చాలా ఎక్కువ. రోజుకో చిన్న కాయ, ఉప్పు అద్దకుండా, బీపీ ఉంది కాబట్టి.

బ్రాడీపేట అమ్మాయి:
చాలా థాంక్సండీ. బాటిల్ వెనక చూశాను, పదార్థాల్లో నీళ్ల తర్వాత రెండోది పంచదారే! అమ్మకి చదివి వినిపిస్తే మాత్ర వేసుకుంది. స్టెంట్‌కి వాడేది క్లోపిడోగ్రెలే. రెండు రోజులు ఈ జ్యూస్ తాగింది, ఏమైనా అవుతుందా?

గవర్నర్‌పేట ఫార్మసిస్ట్:
రెండు రోజులకి టెన్షన్ పడకండి. చిగుళ్ల నుంచి రక్తం, చర్మం మీద కమిలిన మచ్చలు, నల్లటి విరేచనం కనబడితే మాత్రం వెంటనే డాక్టర్‌కి చూపించండి. క్లోపిడోగ్రెల్‌ని మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపొద్దు. రేపు పరగడుపున ఒకసారి షుగర్ చూసి రాసిపెట్టండి, ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ బాటిల్ కూడా పట్టుకెళ్లండి.